ఫ్యాక్టరీకి పుట్టిన కవల

తిరుపతి
2024 సెప్టెంబరు 3

అన్నకు,

వందనాలు. ఫోనులో అడిగితే నవ్వి దాటేస్తున్నావు. "అంతా బాగుండాది లేమ్మా, నువ్వు తిన్న్యావా?" అని మాట మారుస్తున్నావు. కాగితం మీద అడిగితే అలా దాటేయడం నీకు చేతకాదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను గదా, కలం పట్టుకుంటే నువ్వు అబద్ధం రాయలేవు. అందుకే ఇది పోస్టులో వేస్తున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక కృపామణి వదిన చర్చి బయటి నుంచే నాకు ఫోను చేసింది. "మీ అన్నను స్టెరిలైజర్ కాడ్నుంచి తీసేసి గోడౌన్లో ఏసినారు పాపా. ఇంట్లో ఒక్క మాట మాట్లాడడం లేదు. ముద్ద పెట్టుకుని గోడను సూస్తా కూసుంటాడు" అంది. వదిన ఏడ్వలేదు. ఏడ్చి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

ఇరవై ఆరేళ్ళు ఆ మిషన్ ముందు నిలబడినవాడివి. మామిడి గుజ్జును మరగబెట్టి, క్రిములన్నీ చచ్చాయని నువ్వు తలూపితేనే అది డ్రమ్ములోకి పోయేది. ఐరాల రోడ్డులో ఆ ఫ్యాక్టరీ గేటు ఇంకా రంగు ఆరకముందు నుంచే ఉన్నావు నువ్వు. అలాంటి నిన్ను డ్రమ్ములు దొర్లించడానికి పంపారంటే ఏదో జరిగింది. ఏం జరిగిందో వరసగా రాయి. ఒక్కటీ దాచొద్దు.

నీ చెల్లెలు,
ప్రసన్నకుమారి


చిత్తూరు
2024 సెప్టెంబరు 9

ప్రసన్నా,

నీ ఉత్తరం మీ వదిన చేతికే వచ్చింది. నేను చదువుతున్నంతసేపూ వంటింట్లో గిన్నెల చప్పుడు లేదు. నేను మనసులో చదువుకుంటున్నా కూడా ఆవిడ చెవులు రిక్కించి వింటూనే ఉంది.

సరే, రాస్తాను. ఆగస్టు రెండో వారంలో గోడౌన్లో ఒక డ్రమ్ము మూత పైకి లేచింది. మర్నాడు ఇంకో నాలుగు. వారం తిరిగేసరికి నలభై రెండు డ్రమ్ములు ఉబ్బి కూర్చున్నాయి. డ్రమ్ము ఉబ్బిందంటే లోపల గుజ్జు పులిసినట్టు. పులిసిందంటే క్రిములు చావలేదన్నమాట. దేవుని దయ, ఒక్కటి కూడా గేటు దాటి పోలేదు. అన్నిటి మీదా ఒకటే తేదీ, జులై పంతొమ్మిది. ఉదయం షిఫ్టు. నా షిఫ్టు.

కంప్యూటర్ రికార్డు తీశారు. గుజ్జు పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా నూటమూడు డిగ్రీల దగ్గర కదలకుండా ఉంది. ఉండాల్సింది కూడా అంతే. వేడి సరిపోయింది కాబట్టి తప్పు డ్రమ్ముల్లోని సంచులు నింపే చోట జరిగిందని తేల్చారు. మూతలు సరిగా బిగించకపోతే గాలి దూరి పులుస్తుంది. ఆ షిఫ్టుకు పెద్దను నేను. మా మేనేజరు గిరిప్రసాద్ చెడ్డవాడేమీ కాదు. కానీ ఆ రోజు అందరి ముందూ, "మిషన్ అబద్ధం చెప్పదు గదా ఏబెల్" అన్నాడు. మూతలు బిగించిన ఆరుగురూ నా మొహమే చూస్తున్నారు. వాళ్ళ చేతులు నాకు తెలుసు. తప్పు నాదేనని రాసుకోమని చెప్పి బయటికొచ్చేశాను.

ఇంతే. నువ్వు దిగులు పడొద్దు. గోడౌన్లో చల్లగా ఉంటుంది.

అన్న,
ఏబెల్


తిరుపతి
2024 సెప్టెంబరు 20

అన్నకు,

"మిషన్ అబద్ధం చెప్పదు" అన్న మాట దగ్గరే నా చదువు ఆగిపోయింది. మిషన్ చేత అబద్ధం చెప్పించవచ్చు అన్నా. మా కాలేజీ ల్యాబులో నేను ఏడేళ్ళుగా చేస్తున్న పని అదే. కరెంటు కేంద్రాల్లో, నీళ్ళ ప్లాంట్లలో, మీలాంటి ఫ్యాక్టరీల్లో కంప్యూటర్లు నడిపే మిషన్లలోకి బయటివాళ్ళు దొంగతనంగా దూరకుండా చూడడం. దూరితే పట్టుకోవడం.

దానికి మేము చేసేదేమిటంటే, అసలు మిషన్‌కు కంప్యూటర్‌లో ఒక కవలను కడతాము. డిజిటల్ ట్విన్ అంటారు. పైపు పొడవు, పంపు వేగం, ఆవిరి వేడి అన్నీ లెక్కలుగా అందులో ఉంటాయి. అసలు మిషన్‌కు ఇచ్చినవే దానికీ ఇస్తే, లోపల ఏం జరగాలో అది తనంతట తాను చెబుతుంది. అసలుది ఒకటి చెప్పి, కవల ఇంకోటి చెబితే ఎక్కడో మోసం ఉందని అర్థం.

మా సార్ అమర్‌నాథ్‌గారితో మాట్లాడాను. ఆయన గిరిప్రసాద్‌గారికి ఫోను చేశారు. డ్రమ్ములు ఎందుకు ఉబ్బాయో కారణం రాసిస్తే తప్ప వచ్చే ఏడు సరుకు తీసుకోబోమని కొనేవాళ్ళు పట్టుబట్టారట, అందుకని ఒప్పుకున్నాడు. కానీ నా పేరు విని, "అన్న కోసం చెల్లెలు సాక్ష్యం తయారు చేస్తాదా సార్?" అన్నాడట. ఆ మాట నిజంగానే నాకు గుచ్చుకుంది, అందులో న్యాయం ఉంది కాబట్టి. అందుకే ఒక షరతు నేనే పెట్టాను. కవలను నేను కడతాను, అది చెప్పే తీర్పును అమర్‌నాథ్ సార్ పరీక్షించి సంతకం చేస్తారు. తీర్పు నీకు ఎదురుగా వస్తే అలాగే రాస్తారు.

ఇష్టమేనా?

ప్రసన్న


చిత్తూరు
2024 సెప్టెంబరు 26

ప్రసన్నా,

ఇష్టమే. ఎదురుగా వస్తే కూడా రాయాల్సిందే. అట్లా రాయకపోతే నువ్వు చదివిన చదువు దేనికి?

అన్న


తిరుపతి
2024 నవంబరు 11

అన్నకు,

ఈ ఉత్తరం మూడు వారాల కిందటే రాయాల్సింది. ధైర్యం చాల్లేదు.

కవల అక్టోబరు ఇరవైకే తయారైంది. జులై పంతొమ్మిది నాటి రికార్డంతా దానికిచ్చి నడిపాము. ఆవిరి వాల్వు ఎంత తెరుచుకుంది, పంపు ఎంత వేగంగా తిరిగింది, గుజ్జు ఎంత వేడెక్కింది, అన్నీ ఇచ్చాము. అన్నీ ఒకదానితో ఒకటి చక్కగా అతికాయి. వేడి నూటమూడే ఉండాలి, నూటమూడే ఉంది అని చెప్పింది కవల. అంటే గిరిప్రసాద్‌గారి మాటే నిజమని.

అమర్‌నాథ్ సార్ ఇంకా సంతకం చేయలేదు. నన్ను చూసి, "ఇంకొకసారి చూద్దామా?" అన్నారు. జాలిపడి అన్నారని తెలిసింది. నాకు జాలి వద్దు. కానీ నేను చేసిన కవలే నా అన్నను తప్పు పడితే ఏం చేయాలో కూడా నాకు తెలియలేదు. రోజూ బస్సులో వస్తూ పోతూ ఇదే ఆలోచన. ఒక్క ప్రశ్న అడుగుతాను, కోపగించుకోవద్దు. ఆ రోజు నీకేమైనా తేడా కనిపించిందా? నువ్వు నాకు రాయనిది ఏమైనా ఉందా?

ప్రసన్న


చిత్తూరు
2024 నవంబరు 16

ప్రసన్నా,

ఉంది.

ఆ రోజు పొద్దున తొమ్మిది దాటాక నాకు వాసన తేడా కొట్టింది. తోతాపురి మామిడి గుజ్జు నూరు డిగ్రీలు దాటితే బెల్లం పాకం అంచుకు వచ్చిన వాసన ఒకటి వస్తుంది. కొత్తవాళ్ళకు తెలియదు. ఆ రోజు ఆ వాసన లేదు. పచ్చి తీపి వాసన. నేను స్క్రీన్ చూశాను. నూటమూడు. ఇంకోసారి చూశాను. నూటమూడే. బయట ట్రాక్టర్లు ఐరాల రోడ్డు మలుపు దాకా నిలబడి ఉన్నాయి. కాయలు ఎండకు మగ్గుతున్నాయి. మిషన్ ఆపితే పైపులన్నీ మళ్ళీ మొదటి నుంచి శుద్ధి చేసుకోవాలి, రెండు గంటలు పోతుంది. జలుబు చేసిందేమోలే అనుకున్నాను. జలుబు లేదు. నాకు తెలుసు.

మూతలు బిగించినవాళ్ళ తప్పు లేదని నేను ముందు నిలబడింది మంచితనం అనుకుంటున్నారు అందరూ. మీ వదిన కూడా. అది మంచితనం కాదమ్మా. ముక్కు చెప్పింది వినకుండా బొమ్మ చెప్పింది విన్నానన్న సిగ్గు. అందుకే ఎవరితోనూ వాదించలేకపోయాను.

నీ మీద నాకు కోపం లేదు. ఒకటి మాత్రం అడుగుతాను. నీ కవలకు నువ్వు పెట్టిన అంకెలు ఎక్కడివి? అన్నీ ఆ కంప్యూటర్ రికార్డులోవే గదా? ఆ రికార్డే దొంగదైతే దాన్ని తిన్న కవల నిజం ఎట్లా చెబుతుంది?

కంప్యూటర్‌తో సంబంధం లేనిది మా దగ్గర ఒకటే ఉంది. మా ఓబయ్య నడిపే బాయిలర్. ఎక్కడో వాడినదాన్ని కొని తెచ్చారు, దాని వయసు నా సర్వీసుకంటే ఎక్కువ, ఒక్క వైరు కూడా లేదు. ఓబయ్య ప్రతి అరగంటకూ నీళ్ళ మీటరు చూసి నోటుపుస్తకంలో రాస్తాడు. బాయిలర్ ఎన్ని నీళ్ళు తాగిందో అంత ఆవిరి పుట్టినట్టు. నేను అడిగితే, "నా పుస్తకమా? దాన్ని ఇంతవరకు ఒక్కడన్నా తెరిసి సూసినాడా అబ్బా? తీసకపో" అన్నాడు. జులై పుస్తకం ఈ పార్శిల్లో పంపుతున్నాను. మసి అంటుకుంటుంది, జాగ్రత్త.

ఏబెల్


తిరుపతి
2024 నవంబరు 29

అన్నా! అన్నా!

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను, కూర్చోబుద్ధి కావడం లేదు.

ఓబయ్య మామ పుస్తకంలోని అంకెలన్నీ కవలకిచ్చాను. గుజ్జు లోపలికి వచ్చేటప్పుడు ముప్పై మూడు డిగ్రీలు ఉంటుంది. నూటమూడుకు తేవాలంటే డెబ్బై డిగ్రీలు పెంచాలి. దానికి ఎన్ని నీళ్ళు ఆవిరి కావాలో కవలకు తెలుసు. జులైలో మిగతా రోజులన్నీ దాదాపుగా అతికాయి. పంతొమ్మిదిన తొమ్మిది గంటల నుంచి మాత్రం బాయిలర్ ఏడో వంతు నీళ్ళు తక్కువ తాగింది! అంటే గుజ్జు డెబ్బై కాదు, అరవై డిగ్రీలే పెరిగింది. అప్పటి నుంచి నీ స్టెరిలైజర్‌లో వేడి తొంభై మూడు దాటలేదు.

మరి రికార్డులో నూటమూడు ఎక్కడిదని పాతవన్నీ వెతికాము. జులై నాలుగు నాటి రికార్డును తీసి పంతొమ్మిది మీద అతికించారు. రెండు రోజుల అంకెలూ చివరి దశాంశం దాకా ఒకటే. పుస్తకం చూడకపోతే అలా పోల్చి చూడాలన్న ఆలోచనే వచ్చేది కాదు. ఎవరో బయటి నుంచి దూరి, వేడి తగ్గించి, తగ్గితే గుజ్జును వెనక్కి మళ్ళించే వాల్వు నోరు కూడా మూయించి, నీ స్క్రీన్ మీద పాత రోజును సినిమాలా తిప్పారు. నువ్వు చూసింది ఆ సినిమా.

మిషన్ అమ్మినవాళ్ళు దూరం నుంచి రిపేరు చూడడానికి ఒక లైను పెట్టి, తీయకుండా వదిలేశారు. వచ్చింది దాని గుండానే. అమర్‌నాథ్ సార్ అడిగితే గిరిప్రసాద్‌గారు తన పాత మెయిల్స్ వెతికారు. జులైలోనే డబ్బు ఇవ్వకపోతే సరుకు పాడు చేస్తామని ఒక బెదిరింపు వచ్చి ఉంది, పిచ్చి మెయిల్ అనుకుని చూడకుండా వదిలేశారట. పోలీసు సైబర్ విభాగానికి అన్నీ అప్పగించారు.

సార్ సంతకం చేశారు. జాలితో కాదు.

నీ ముక్కుకు దండం అన్నా. ఆ రోజు ఫ్యాక్టరీ మొత్తంలో నిజం చెప్పినవి రెండే, నీ ముక్కూ ఓబయ్య మామ పుస్తకమూ. ఇక ఒక జాగ్రత్త. వాళ్ళు ఇంకా ఎక్కడెక్కడ నక్కి ఉన్నారో తెలియదు. ఫ్యాక్టరీ సంగతులు ఫోనులో, మెయిల్‌లో వద్దు. ఇలా కాగితం మీదే రాసుకుందాం.

ప్రసన్న


చిత్తూరు
2025 జనవరి 18

ప్రసన్నా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తర్వాత మీ వదినకు పైకి చదివి వినిపించాను, వాసన సంగతి కూడా. అప్పటిదాకా చెప్పలేదు. ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టి, "ఈసారి వాసనొస్తే ఆపెయ్. ఎవురేమన్నా నేను సూసుకుంటా" అంది.

నన్ను మళ్ళీ స్టెరిలైజర్ దగ్గరికి తెచ్చారు. గిరిప్రసాద్ తానే గోడౌన్‌కు వచ్చి పిలిచాడు. "రా ఏబెల్, పోదాం" అన్నాడు, అంతే. క్షమించమని అడగలేదు. నేనూ ఆశించలేదు. కానీ మూతలు బిగించే ఆరుగురినీ పిలిచి, తప్పు మీది కాదని చెప్పమన్నాను. చెప్పాడు.

ఇక నీ కవల సంగతి. జామకాయల పని నడుస్తోంది. మీవాళ్ళు కవలను పెట్టి స్టెరిలైజర్ పక్కన బిగించిపోయిన ఆ కంప్యూటర్, వేడిలో తేడా ఉందని పొద్దస్తమానం ఎర్రదీపం వెలిగిస్తోంది. వారంలో పదకొండుసార్లు. గిరిప్రసాద్ నవ్వుతూ, "మీ సెల్లెలి కవలకు పిరికితనం జాస్తి" అంటున్నాడు. నాకు కోపం వచ్చింది కానీ, దీపం మటుకు ఉత్తుత్తిదే. ఎందుకో నాలుగు రోజులు గమనించాను. రాసుకో.

మిషన్ మొదలుపెట్టిన నాలుగు గంటలకు గుజ్జులోని పీచు పైపుల లోపల పొరలాగా పడుతుంది. అప్పుడు అదే వేడికి ఆవిరి ఎక్కువ కావాలి. నీ కవలకు అది తెలియదు, దాని పైపులు ఎప్పుడూ కొత్తవే. బాగా మగ్గిన కాయ పలచగా ఉంటుంది, వేగంగా పారుతుంది. వాన పడితే బాయిలర్‌లో వేసే ఊక తడుస్తుంది, ఆవిరి మందగిస్తుంది, ఓబయ్య తిట్లు పెరుగుతాయి. తిట్లు వదిలేసి మిగతాది లెక్కలో కలుపు.

నీ కవల మంచిదే. కానీ అది పుట్టి మూడు నెలలే అయింది, దాని తోడుది ఇరవై ఆరేళ్ళది. పెద్దదాని అలవాట్లు చిన్నదానికి నేర్పాలి గదా.

ఏబెల్


తిరుపతి
2025 ఏప్రిల్ 27

అన్నకు,

పీచు పొర, మగ్గిన కాయ, తడిసిన ఊక అన్నీ కలిపాము. వారానికి పదకొండుసార్లు వెలిగే దీపం ఇప్పుడు నెలలో ఒక్కసారి కూడా వెలగలేదని గిరిప్రసాద్‌గారే చెప్పారు. ల్యాబులో పిల్లలు నీ ఉత్తరం జెరాక్సు తీసి గోడకు అంటించారు. "ఈ సార్ ఏ కాలేజీలో ప్రొఫెసర్ మేడమ్?" అని అడిగింది ఒకమ్మాయి. నేను చెప్పలేదు, ఇంకా కొన్నాళ్ళు గర్వంగా దాచుకుంటాను.

ఇప్పుడు కవలకు ఇంకో పని పెట్టాము. అసలు ఫ్యాక్టరీ మీద దొంగదెబ్బ ఎలా కొడతారో ప్రయత్నించి చూడలేం, గుజ్జు పాడవుతుంది, మనుషులకు ప్రమాదం. కవల మీద ఎన్నిసార్లు కొట్టినా ఎవరికీ ఏమీ కాదు. అమర్‌నాథ్ సార్ దొంగ, నేను కాపలా. నెల రోజులుగా ఆయన ముప్పై ఒక్క రకాలుగా దూరారు. మొదట తొమ్మిదిసార్లు నన్ను ఓడించారు. ఓడిన ప్రతిసారీ ఒక కన్నం పూడ్చాము. ఆ రిపేరు లైను తీసేయించాము. బాయిలర్ నీళ్ళ మీటరుకు వేరే వైరు వేసి నేరుగా కవలకు కలిపాము. ఆ వైరు మీద కబురు కవల వైపు పోతుందే గానీ వెనక్కి రాదు. కాబట్టి కవల గుండా ఎవరూ ఫ్యాక్టరీలోకి దూరలేరు.

అయినా ఎప్పటికీ ఎవరూ దూరరని నేను మాటివ్వలేను. అందుకే దూరితే ఏం చేయాలో ఒక కాగితం పంపుతున్నాను. ఏ వైరు మొదట పీకాలి, ఏ వాల్వు చేత్తో తిప్పాలి అని. కవల మీద ఇరవైసార్లు చేసి చూసి రాసిన వరస అది. స్టెరిలైజర్ పక్కన అంటించు. సీజను మొదలయ్యేలోపు నువ్వూ ఓబయ్య మామా రెండుసార్లు అలవాటు చేసుకోండి.

ప్రసన్న


చిత్తూరు
2025 జూన్ 26

ప్రసన్నా,

ఫోనులో "అంతా బాగుంది" అన్నాను. ఈసారి అది నిజం. కానీ మొత్తం చెప్పలేదు, నువ్వే గదా కాగితం మీద రాయమన్నది.

మొన్న మంగళవారం ఉదయం షిఫ్టు. పదకొండూ పది. గేటు బయట అరవైకి పైగా ట్రాక్టర్లు. ఎండ చెప్పనక్కర్లేదు. ఎర్రదీపం వెలిగింది. స్క్రీన్ మీద నూటమూడు. కవల తొంభై నాలుగు అంటోంది.

గిరిప్రసాద్ పక్కనే ఉన్నాడు. "మళ్ళీ బయపడినట్టుండాది. ఊక తడిసిందేమో సూడు" అన్నాడు. "వాన యాడ పడింది సార్?" అన్నాను. నేను ముక్కు ఎగబీల్చాను. పచ్చి తీపి.

"సార్, ఆపతా ఉండా."

"అరవై ట్రాక్టర్లుండాయి ఏబెల్! ఐదు నిమిషాలు ఆగు, తిరుపతికి ఫోన్ చేసి అడుగుదాం."

"ఆ ఐదు నిమిషాల గుజ్జు ఎవురు తాగుతారో వాళ్ళకు ఎవురు ఫోన్ చేస్తారు సార్?"

నేను ఇంత మాట మేనేజరుతో ఎప్పుడూ అనలేదు. ఎర్ర బటన్ నొక్కేశాను. మొత్తం ఫ్యాక్టరీ ఆగిపోయింది. అంత నిశ్శబ్దం సీజన్‌లో నేనెప్పుడూ వినలేదు. కాయలు కోసే ఆడవాళ్ళు కత్తులు పట్టుకుని ఇటే చూస్తున్నారు.

పైపుకు ఉన్న చిన్న కుళాయి తిప్పి, గిన్నెలో గుజ్జు పట్టి, గాజు థర్మామీటర్ ముంచాను. గిరిప్రసాద్ నా భుజం మీదుగా వంగి చూశాడు. తొంభై మూడు. స్క్రీన్ మీద ఇంకా నూటమూడే ఉంది, పంపు ఆగిపోయినా కూడా! అది చూసి ఆయన మొహంలో నెత్తురు లేదు. "కాగితం తీ" అన్నాడు.

నువ్వు రాసిన వరస ప్రకారం చేశాము. ఆయనే వంగి నెట్‌వర్క్ వైరు పీకాడు. అప్పటిదాకా నింపిన డ్రమ్ముల్లో, ఎందుకైనా మంచిదని, పది గంటల నుంచి నింపినవన్నీ పక్కకు దొర్లించి ఎర్ర రంగు పూశాము. పైపులు శుద్ధి చేసి, ఒంటిగంటన్నరకు చేతివాల్వుల మీద మళ్ళీ మొదలుపెట్టాము. ఆవిరి చక్రం నా చేతిలో. థర్మామీటర్ గిరిప్రసాద్ చేతిలో. ఆయన అంకె అరుస్తాడు, నేను తిప్పుతాను, ఓబయ్య బాయిలర్ దగ్గర నుంచి, "ఇంకా కావాల్నా? తాగు, ఎంత కావాల్నో తాగు!" అని కేకలు. కవల మాత్రం తన మీటరు చూసుకుంటూ మేము చేసేది సరేనని పచ్చదీపంతో చెబుతూ ఉంది. రెండో షిఫ్టువాళ్ళు వచ్చినా నేను పోలేదు. సాయంత్రం ఆరు దాటేసరికి చివరి ట్రాక్టర్ లోపలికి వచ్చింది. ఒక్క రైతు కూడా కాయలు వెనక్కి తీసుకుపోలేదు.

పోలీసువాళ్ళు వచ్చి చూశారు. ఈసారి తూకం వేసే కంప్యూటర్ గుండా దూరారట. వైరు పీకేటప్పటికి వాళ్ళు ఇంకా లోపలే ఉన్నారు, అందుకని జాడ దొరికింది, ఇక మీరు చూడండి మేము పట్టుకుంటాం అన్నారు. అది వాళ్ళ పని.

బుధవారం పొద్దున షిఫ్టు మారేచోట అందరినీ నిలబెట్టి గిరిప్రసాద్ మాట్లాడాడు. "పోయినేడు ఈ మనిషిని నేను గోడౌన్‌కు పంపినాను. తప్పు నాది. నిన్న నేను ఆగమన్న్యాను, ఈయన ఆపినాడు. ఈయన మాటే కరెక్టు" అన్నాడు. తర్వాత చేతులు జోడించాడు. ఓబయ్య వెనక నుంచి, "నువ్వు కూడా జోడించబ్బా, పనికి టైమయితా ఉండాది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కళ్ళు తుడుచుకున్నాను, ఆవిరి అని చెప్పి.

ఏబెల్


తిరుపతి
2025 సెప్టెంబరు 14

కృపామణి వదినకు,

నమస్కారాలు. ఎప్పుడూ అన్నకే రాస్తాను, ఈసారి నీకు. ఎందుకంటే నిన్న ఇక్కడ జరిగింది అన్న ఇంటికి వచ్చి చెప్పడు. "ఏదో మీటింగు, భోజనం బాగుండాది" అంటాడు. అనే ఉంటాడు, కదా?

మా కాలేజీలో ఫ్యాక్టరీల భద్రత మీద పెద్ద సభ. చిత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి చాలా ఫ్యాక్టరీలవాళ్ళు వచ్చారు. రానంటే రానని అన్న వారం రోజులు మొండికేశాడు, నీకు తెలుసు. నువ్వు ఇస్త్రీ చేసి ఇచ్చిన తెల్ల చొక్కాతో, ఓబయ్య మామను తోడు తీసుకుని బస్సు దిగాడు. ముందు నేను స్క్రీన్ మీద బొమ్మలతో అరగంట చెప్పాను. తర్వాత అన్నను పిలిచాను. మైకు చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. తర్వాత పైపులో పీచు పొర గురించి మొదలుపెట్టాడు. అంతే, ఇంక ఆపలేకపోయాము. నేను చెప్పేటప్పుడు ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు అన్న చెప్పేది నోట్సు రాసుకున్నారు. నాకు అసూయ కలగలేదు వదినా. నేనూ పెన్ను తీసి రాసుకున్నాను.

చివర్లో ఒక కుర్ర ఇంజనీరు లేచి అడిగాడు. "సార్, ఆ రోజు ఎర్రదీపం తప్పుగా వెలిగి ఉంటే? అరవై ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి గదా, మీకు భయం వేయలేదా?"

అన్న మైకు దగ్గరికి జరుపుకున్నాడు. "బయ్యమేసింది నాయనా. తప్పయితే రెండు గంటలు పోతాది, మేనేజరు తిడతాడు. నిజమయ్యుండి నేను ఆపకపోతే, ఆ గుజ్జు ఏ దేశంలో ఏ బిడ్డ తాగుతాదో నాకు తెలీదు. పేరు తెలీని ఆ బిడ్డకు గూడా ఆపరేటర్ని నేనే గదా" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు, చాలాసేపు. ఓబయ్య మామ అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఈ పనంతటి మీద మేము ఒక పరిశోధన వ్యాసం రాశాము. అచ్చుకు పంపబోతున్నాము, అందుకని నిన్న సభ అయ్యాక అమర్‌నాథ్ సార్ అన్నను పక్కకు పిలిచి, "మీ పేరు కింద ఏమని రాయాలి? సలహాదారు అనమంటారా, నిపుణుడు అనమంటారా?" అని అడిగారు. "ఆపరేటర్ అని రాయండి సార్. అబద్ధం ఎందుకు?" అన్నాడు అన్న. సార్ నా వైపు చూశారు. నేను తల అడ్డంగా తిప్పలేదు, నిలువుగా ఊపాను.

ఆ వ్యాసం మొదటి పేజీ ప్రింటు తీసి ఈ కవర్లోనే పెట్టాను. అంతా ఇంగ్లీషే, చదవనక్కర్లేదు. మధ్యకు మడవొద్దు, వీలైతే అద్దం కట్టించు. పైన మూడు పేర్లు ఉంటాయి. నాది మూడోది, సార్‌ది రెండోది.

నీ ఆడబిడ్డ,
ప్రసన్నకుమారి